ఆయాసానికి జంట మందు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, భీమవరం)



జనవరి 12న భీమవరంలో సభ పెట్టడం సాహసమే. ఊరి చుట్టూ సంక్రాంతి కోడిపందాల బరులు సిద్ధమవుతున్నాయి. అల్లుళ్లు దిగిపోయారు. హోటల్లో గది కావాలంటే సిఫార్సు ఉండాలి. ఇంత హడావుడిలోనూ ఒక శాస్త్రవేత్త పేరు మీద ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే, ఆ పేరుకి ఈ ఊళ్లో ఇంకా పట్టు ఉందన్నమాట.

సుబ్బారావుగారు 1895లో ఇదే తేదీన ఇక్కడే పుట్టారు. కొన్నాళ్లు రాజమండ్రిలో చదివారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఆ మాట పరీక్ష తప్పిన పిల్లలకి చెప్పడం మన ఉపాధ్యాయులకి ఇష్టం, చెప్పాలి కూడా. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుగారి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. మామగారు కూడగట్టిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ భరోసా పట్టుకుని 1922లో బోస్టన్ చేరారు. తర్వాతి కథ మీకు తెలిసిందే. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, లెడర్లీ మందుల కంపెనీలో ఫోలిక్ ఆమ్లం, లుకేమియా మందులు, ఆరియోమైసిన్. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో వెళ్లిపోయారు.

ఆయన సభలో క్యాన్సర్ గురించో యాంటీబయాటిక్స్ గురించో మాట్లాడటం మామూలు. నేను ఆయాసం గురించి మాట్లాడతాను. జీవితమంతా ఛాతీ జబ్బుల డాక్టరుగా బతికినవాడికి వేరే సరుకు లేదనుకోండి. కానీ ఆయన పనికి, ఈ రోజు మన జేబుల్లో ఉన్న పీల్చే పంపులకి రెండు మూడు చోట్ల ముడి ఉంది. అవి దారిలో చూపిస్తాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే విషయం. ఒకే ఇన్‌హేలర్‌లో రెండు మందులు, ఈమధ్య మూడు మందులు కలిపి ఇస్తున్నాం. ఇందులో గొప్పతనం మందుల సంఖ్యలో లేదు, దేనికి దేన్ని జత చేశామన్న దాంట్లో ఉంది. ఉబ్బసానికి ఒక జంట, పొగతో చెడిపోయిన ఊపిరితిత్తులకి ఇంకో జంట. ఆ జతలు తారుమారైతే మందే కీడు చేస్తుంది.

1

ముందు జబ్బేదో తేలాలి. ఆయాసపడుతూ వచ్చిన ప్రతివాళ్లదీ ఉబ్బసం కాదు.

ఈ పాఠం మన తెలుగు నేల మీదినుంచే ప్రపంచానికి వెళ్లింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో పనిచేసిన ఫ్రిమోట్-మోల్లర్, బార్టన్ అనే డాక్టర్లు 1940లో ఒక వింత జబ్బు గురించి రాశారు. చూస్తే క్షయలా ఉంటుంది. దగ్గు, సన్నజ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు. తెమడలో మాత్రం క్షయ క్రిములు కనపడవు. రక్తం చూస్తే ఇస్నోఫిల్స్ అనే తెల్లకణాలు లెక్కకి మించి ఉంటాయి. 1943లో వైన్‌గార్టన్ దానికి ట్రాపికల్ ఇస్నోఫీలియా అని పేరు పెట్టాడు. దోమకాటుతో ఒంట్లో చేరిన బోదకాలు పురుగు మీద శరీరం మితిమీరి తిరగబడటమే ఆ జబ్బని తర్వాత రుజువైంది. రాత్రి రెండో జాములో దగ్గు తెరలు, ఛాతీలో పిల్లికూతలు, అచ్చం ఉబ్బసమే. ఎన్ని పంపులు పీల్చినా పూర్తిగా పోదు. మూడు వారాల పాటు డైఇథైల్‌కార్బమజైన్ బిళ్లలు వేసుకుంటే చాలామందికి తగ్గిపోతుంది.

ఆ బిళ్ల ఎవరిది? 1947లో లెడర్లీ ప్రయోగశాల నుంచి హెట్రజాన్ అనే పేరుతో వచ్చింది. ఆ పరిశోధనని నడిపించింది సుబ్బారావుగారు. బోదకాలు పీడించిన డెల్టాలో పుట్టిన మనిషి, సముద్రాలకవతల కూర్చుని తన ఊరి జబ్బుకి మందు తీయించారు. ఏటా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తమ ఎదుటే మింగించిన బిళ్లలు అవే. ఇక్కడున్న అమ్మాయిల్లో చాలామంది పంచే ఉంటారు. ఎవరి మందు పంచుతున్నారో పై అధికారులు మీకు చెప్పారో లేదో.

మన జిల్లాల్లో 'నాకు ఇస్నోఫీలియా ఉందండి' అనని ఇల్లు ఉండదు. తుమ్ములొస్తే ఇస్నోఫీలియా, దద్దుర్లొస్తే ఇస్నోఫీలియా. ఆ మాటని అంత చవగ్గా వాడకండి. ఉబ్బసంలోనూ ఆ కణాలు పెరుగుతాయి, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి. మూడు వేలు దాటి, రాత్రి దగ్గు కూడా ఉంటే, మదనపల్లె గుర్తుకు రావాలి. గుండె జబ్బు వల్ల వచ్చే ఆయాసం, క్షయ తగ్గాక మిగిలిన మచ్చల వల్ల వచ్చే ఆయాసం వేరే ఉన్నాయి. వాటి జోలికి ఇవాళ వెళ్లను.

2

మిగిలినవి రెండు పెద్ద జబ్బులు. ఒకటి ఉబ్బసం, రెండోది సీఓపీడీ. దేశంలో 2016 నాటి అంచనా ప్రకారం ఉబ్బసం ఉన్నవాళ్లు దాదాపు 3.8 కోట్లు, సీఓపీడీ ఉన్నవాళ్లు 5.5 కోట్లు. రెండో సంఖ్య పెద్దది, రెండో పేరు ఎవరికీ తెలీదు.

ఉబ్బసం సాధారణంగా చిన్నప్పుడే మొదలవుతుంది. వస్తుంది, పోతుంది. మధ్యలో మనిషి మామూలుగానే ఉంటాడు. శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్మో పుప్పొడో జలుబో తగిలితే నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. అంటే వాపు మూలం, బిగింపు దాని పర్యవసానం. ఈ వరస గుర్తుంచుకోండి, తర్వాత దీనితోనే పని.

సీఓపీడీ నలభై దాటాక బయటపడుతుంది. వచ్చిపోయే రకం కాదు, ఉండిపోయే రకం. నిన్నటిదాకా పొలం గట్టు మీద నడిచినవాడు ఇవాళ మెట్లెక్కలేడు, ఏడాది తర్వాత స్నానం చేస్తే ఆయాసం. దీనికి కారణం పొగ. ఆ విషయంలో గోదావరి జిల్లాలకి ఘనమైన చరిత్ర ఉంది.

గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకి పెట్టింది పేరు. ఎంత పేరంటే, 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో లంక చుట్ట ప్రస్తావన ఉంది. హత్య చేసినవాడు ఆ చుట్ట కాల్చాడని తేలితే, వెతకాల్సినవాళ్ల సంఖ్య తగ్గిపోతుందని హోమ్స్ గారి ఉవాచ. మన లంకల్లో అయితే ఆ సూత్రం పనికిరాదు, ఊరంతా అనుమానితులే. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థని తెచ్చి రాజమండ్రిలో పెట్టారంటే ఊరికే పెట్టలేదు. ఆ పంట మీద బతికిన కుటుంబాలని నేను తప్పుపట్టను. కానీ ఆ ఆకు పొగ ఎక్కడికి వెళ్లిందో చూసే పని నాది.

అలాగని అంతా చుట్ట మీదికి తోసెయ్యడానికి వీల్లేదు. జన్మలో చుట్ట ముట్టని ఆడవాళ్లకి ఇదే జబ్బు వస్తోంది. పొయ్యి దగ్గర వస్తోంది. కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలు, ఊక పొయ్యిలో ఊక. కోనసీమలో కొబ్బరి డొక్కలకి కొదవేముంది? కిటికీ లేని వంటింట్లో పొద్దునా సాయంత్రం ముప్ఫై నలభై ఏళ్లు ఊదుగొట్టంతో ఊదిన ఆడది ఎంత పొగ పీల్చిందో లెక్క వేసేవాళ్లు లేరు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక గ్యాస్ బండలు వచ్చిన మాట నిజమే. ఇప్పటికీ చాలా ఇళ్లలో అన్నం గ్యాస్ మీద, స్నానాల నీళ్లు, గేదెల దాణా పెరట్లో కట్టెల పొయ్యి మీద. ఆ పెరటి పొయ్యి సంగతి డాక్టరు అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. 'గ్యాసేనండి' అంటారు. అబద్ధం కాదు, ఆవిడ దృష్టిలో పెరట్లోది వంట కాదు.

ఈ రెండు జబ్బుల్నీ విడదీసే పరీక్ష ఒకటుంది, స్పైరోమెట్రీ. గట్టిగా ఊపిరి లాగి, ఒక్క పెట్టున గొట్టంలోకి ఊదాలి. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో ఎంత వచ్చిందో యంత్రం చెబుతుంది. శ్వాసనాళాలు తెరిచే మందు ఇచ్చాక కూడా అది 70 శాతం దాటకపోతే, వెనక పొగ చరిత్ర ఉంటే, సీఓపీడీ అనుకోవాలి. మందుతో బాగా తెరుచుకుంటే ఉబ్బసం వైపు మొగ్గాలి. ఖరీదైన యంత్రమేమీ కాదు, కూర్చోబెట్టి సరిగ్గా ఊదించే ఓపిక ఉన్న మనిషే అరుదు.

3

మందు పీల్చాలా, మింగకూడదా? దీని మీద ఎక్కువసేపు ఉండను. సాల్బుటమాల్ బిళ్ల 4 మిల్లీగ్రాములు. అదే మందు పంపు ఒక్క నొక్కులో 100 మైక్రోగ్రాములు, అంటే నలభయ్యో వంతు. బిళ్ల ఒళ్లంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడ పుట్టించి అప్పుడు ఛాతీకి చేరుతుంది. పంపు మందు తిన్నగా శ్వాసనాళానికి వెళుతుంది. స్టెరాయిడ్ విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. బిళ్ల అయితే మిల్లీగ్రాముల్లో, పంపు అయితే మైక్రోగ్రాముల్లో. 'స్టెరాయిడా, వద్దండి బాబూ' అని పంపుకి భయపడేవాళ్లే, ఆయాసం ఎక్కువైనప్పుడల్లా స్టెరాయిడ్ సూది పొడిపించుకుని హాయిగా ఇంటికి పోతారు. ఆ ఒక్క సూదిలో ఎన్ని వారాల పంపు మందు ఉందో వాళ్లకి చెప్పేవాళ్లు కావాలి.

మనవాళ్లకి పీల్చే మందు కొత్తేమీ కాదు. ఉమ్మెత్త ఆకులు ఎండబెట్టి కాల్చి ఆ పొగ పీల్చడం ఈ దేశంలో పాత వైద్యం. 1802 ప్రాంతంలో అది మద్రాసు నుంచే ఇంగ్లండుకి చేరింది. అక్కడ ఆ శతాబ్దమంతా ఉబ్బసం సిగరెట్లుగా అమ్ముకున్నారు. ఉమ్మెత్తలో ఉన్న ఎట్రోపిన్ జాతి పదార్థాలు శ్వాసనాళాల్ని సడలిస్తాయి, మోతాదు మించితే మనిషికి మతి తప్పిస్తాయి, చంపుతాయి. దయచేసి ఇంటికెళ్లి ఎవరూ ప్రయత్నించకండి. రసాయనవేత్తలు ఆ అణువుకి చిన్న మార్పు చేసి, రక్తంలోకీ మెదడులోకీ అంతగా పోకుండా చేశారు. అలా వచ్చినవే ఇప్రాట్రోపియం, టయోట్రోపియం. ఇవాళ సీఓపీడీకి ఇచ్చే పంపులో ఒక పాలు మన చేలగట్ల మీది ఉమ్మెత్త వంశానిదే.

పంపు ఆకారం మాత్రం 1956లో అమెరికాలో వచ్చింది. రైకర్ అనే కంపెనీ అధిపతి కూతురికి పదమూడేళ్లు, ఉబ్బసం. జుట్టుకి కొట్టుకునే స్ప్రేలా నా మందు ఎందుకు ఉండకూడదని అడిగిందట. ఆ ప్రశ్నకి జవాబుగా వచ్చిందే ఈ పంపు.

4

ఇక అసలు విషయానికి వస్తాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

ఉబ్బసానికి రెండు రకాల మందులున్నాయి. మొదటిది బిగింపు వదిలించేది. సాల్బుటమాల్ ఆ కోవది. నాళం చుట్టూ ఉన్న కండరంలోకి వెళ్లి, అక్కడి ఏటీపీ అనే పదార్థాన్ని సైక్లిక్ ఏఎంపీ అనే ఇంకో పదార్థంగా మార్చే ఎంజైముని తట్టి లేపుతుంది. దాంతో కండరం సడలుతుంది. ఏటీపీ అనగానే సుబ్బారావుగారు గుర్తుకు రావాలి. 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్క్–సుబ్బారావు జంట విడివిడిగా దాన్ని కనుక్కున్నారు. ఇది నేను చెప్పిన రెండో ముడి.

రెండోది వాపు తగ్గించేది, స్టెరాయిడ్. సుబ్బారావుగారు పోయిన ఆరు వారాలకి, 1948 సెప్టెంబరు 21న, అమెరికాలో మేయో క్లినిక్‌లో కీళ్లవాతపు రోగికి మొదటిసారి కార్టిజోన్ ఎక్కించారు. అది పీల్చే రూపంలో అందడానికి 1972 దాకా పట్టింది.

ఈ రెండిట్లో అసలు వైద్యం చేసేది రెండోదే. మూలం వాపు అని ఇందాక అనుకున్నాం కదా. కానీ స్టెరాయిడ్ పీల్చిన క్షణంలో ఏమీ తెలియదు. ఇవాళ పీలిస్తే వారానికో పది రోజులకో గుణం కనపడుతుంది. సాల్బుటమాల్ అలా కాదు, పీల్చిన ఐదు నిమిషాల్లో ఛాతీ తేలికపడుతుంది. మీరైతే ఏది కొంటారు? రెండు పంపులు రాసిస్తే, నెల తిరిగేసరికి రోగి చేతిలో ఏది మిగులుతుందో ఇక్కడున్న మందుల షాపు మిత్రులకి నాకంటే బాగా తెలుసు. హాయినిచ్చేది మళ్లీ మళ్లీ కొంటారు. నయం చేసేది మంచం కింద ఉంటుంది.

అందులో ఏముంది, హాయిగా ఉన్నాడు కదా అనుకోవచ్చు. లోపల వాపు పెరుగుతుంటే పైన కండరాన్ని మాత్రం సడలిస్తూ పోవడం ప్రమాదం. 1960ల్లో ఇంగ్లండులో బిగింపు వదిలించే ఘాటు ఐసోప్రెనలిన్ పంపులు వచ్చాక ఉబ్బసం చావులు పెరిగాయి. 1976 తర్వాత న్యూజీలాండ్‌లో ఫెనోటెరాల్‌తో అదే జరిగింది, ఆ మందుని పక్కన పెట్టాక చావులు తగ్గాయి. ఆ తర్వాత పన్నెండు గంటలు పనిచేసే సాల్మెటెరాల్ వచ్చింది. దాన్ని పరీక్షించడానికి అమెరికాలో 26 వేల మందికి పైగా ఉబ్బసం రోగులతో పెద్ద అధ్యయనం పెట్టి 2003లో మధ్యలోనే ఆపేశారు. సాల్మెటెరాల్ వాడినవాళ్లలో ఉబ్బసంతో 13 మంది పోయారు, వాడనివాళ్లలో 3. వాళ్లలో చాలామంది స్టెరాయిడ్ పీల్చడం లేదు. దాంతో అమెరికా ప్రభుత్వం ఆ మందు పెట్టెల మీద నల్ల గీతల హెచ్చరిక వేయించింది.

ఇప్పుడు మలుపు చూడండి. అదే సాల్మెటెరాల్‌ని, అదే కోవకి చెందిన ఫార్మోటెరాల్‌ని స్టెరాయిడ్‌తో కలిపి ఒకే పంపులో ఇస్తే ఏమవుతుందని మళ్లీ వేలమందితో పరీక్షలు చేయించారు. 2016లో ఫలితాలు వచ్చాయి. కలిపి ఇస్తే ఆ అదనపు ప్రమాదం కనపడలేదు. పైగా ఉబ్బసం తీవ్రంగా ముదిరే సందర్భాలు తగ్గాయి. 2017 డిసెంబరులో కలిపి ఉన్న పంపుల మీద ఆ హెచ్చరిక తీసేశారు. ఒంటరిగా వాడితే ప్రాణం మీదికి తెచ్చిన మందే, జతగా వాడితే మేలు చేసింది.

దీనికి కణంలో కూడా కారణం ఉంది. స్టెరాయిడ్, సడలించే మందు పట్టు దొరకబుచ్చుకునే గ్రాహకాల్ని పెంచుతుంది. సడలించే మందు, స్టెరాయిడ్ కణ కేంద్రకంలోకి చేరడానికి సాయపడుతుంది. ఒకదానికొకటి దారి చేసుకుంటాయి. అయినా నన్నడిగితే అంతకంటే పెద్ద కారణం రోగి చేతిలో ఉంది. రెండూ ఒకే పంపులో ఉన్నప్పుడు హాయి కోసం పీల్చినవాడు తెలియకుండానే వైద్యం కూడా చేసుకుంటాడు. మనిషి బలహీనతని మందుకి అనుకూలంగా తిప్పుకోవడం ఇది. రోగికి బుద్ధి చెప్పి మార్చాలని చూసిన మా తరం డాక్టర్లకంటే ఈ పంపు తయారుచేసినవాళ్లు తెలివైనవాళ్లు.

ఫార్మోటెరాల్‌కి ఇంకో సుగుణం ఉంది. పన్నెండు గంటలు పనిచేస్తుంది, మొదలవ్వడానికి మాత్రం రెండు మూడు నిమిషాలు చాలు. సాల్మెటెరాల్‌కి ఆ వేగం లేదు. అందుకే బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ జత చేసిన బుడెసొనైడ్–ఫార్మోటెరాల్ పంపుని ఆయాసం వచ్చినప్పుడు వాడే మందుగా కూడా ఇవ్వొచ్చని తేలింది. 2018లో వచ్చిన పరీక్షల్లో, తేలికపాటి ఉబ్బసం ఉన్నవాళ్లు అవసరమైనప్పుడే ఆ జంట పంపు వాడి, రోజూ స్టెరాయిడ్ పీల్చినవాళ్లతో సమానంగా పెద్ద దాడుల నుంచి తప్పించుకున్నారు. వాళ్ల ఒంట్లోకి వెళ్లిన స్టెరాయిడ్ రోజూ వాడినవాళ్లలో నాలుగో వంతు. 2019లో ఉబ్బసం మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే గీనా సంస్థ, ఉబ్బసానికి సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వడం ఇక వద్దని చెప్పేసింది. యాభై ఏళ్ల అలవాటుని ఒక్క మాటతో తిరగరాసింది.

మన ఊళ్లకి ఆ మాట ఇంకా పూర్తిగా చేరలేదు. ఏడాదిలో మూడు సాల్బుటమాల్ పంపులు ఖాళీ చేశారంటే మీ ఉబ్బసం అదుపులో లేదని అర్థం. నెలకొకటి చొప్పున అవుతుంటే ప్రాణాపాయం దగ్గర్లో ఉంది. షాపు మిత్రులారా, ఆ లెక్క మీ దగ్గరే ఉంటుంది. నాలుగో పంపు అడిగినవాణ్ని డాక్టరు దగ్గరికి పంపండి.

చేప మందు గురించి అడక్కుండా వదలరని తెలుసు. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబంవారు కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. మన జిల్లాల నుంచీ ఎందరో రైలెక్కుతారు. నమ్మకం మీద నాకు పేచీ లేదు. వెళ్లిరండి. వెళ్లేటప్పుడు సంచిలో పంపు పెట్టుకోండి, వచ్చాక దాన్ని మానకండి. చేప తిన్నాం కదా అని పంపు పారేసినవాళ్లే శ్రావణంలో ఐసీయూకి వస్తారు.

5

సీఓపీడీకి వచ్చేసరికి ఈ జంట తలకిందులవుతుంది. ఉబ్బసంలో ఇంటి యజమాని స్టెరాయిడ్ అయితే, ఇక్కడ అది చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. ఇక్కడ ఆధారం సడలించే మందులే, అవీ రెండు రకాలు. ఫార్మోటెరాల్ లాంటిదొకటి, ఉమ్మెత్త వంశపు టయోట్రోపియం లాంటిదొకటి.

ఈ సంగతి తేలడానికి పదేళ్లు పట్టింది. 2007లో టార్చ్ అనే అధ్యయనంలో ఆరు వేలమంది సీఓపీడీ రోగుల్ని గుంపులుగా విడదీసి, ఒక గుంపుకి మూడేళ్లు స్టెరాయిడ్–సాల్మెటెరాల్ జంట ఇచ్చి చూశారు. చావుల్ని తగ్గించిందని గట్టిగా చెప్పే లెక్క అంగుళం దూరంలో ఆగిపోయింది. స్టెరాయిడ్ పీల్చినవాళ్లలో నెమ్ము మాత్రం ఎక్కువైంది. 2016లో ఫ్లేమ్ అధ్యయనం వచ్చింది. రెండు సడలించే మందుల జంట, స్టెరాయిడ్ ఉన్న జంటకంటే జబ్బు తిరగబెట్టకుండా బాగా ఆపింది. మూడు మందులూ ఒకే పంపులో ఇచ్చిన 2018 నాటి ఇంపాక్ట్ అధ్యయనం ఇంకొంచెం ముందుకెళ్లింది. తరచూ తిరగబెట్టే రోగుల్లో, ముఖ్యంగా రక్తంలో ఇస్నోఫిల్స్ ఎక్కువున్నవాళ్లలో, మూడో మందుగా స్టెరాయిడ్ పనికొచ్చింది. ఇప్పుడు సాధారణంగా చెప్పే కొలత ఏమిటంటే, మైక్రోలీటరు రక్తంలో ఇస్నోఫిల్స్ 300 దాటితే స్టెరాయిడ్‌కి చోటుంది, 100 లోపుంటే లేదు.

ఇక్కడ నాదో అభ్యంతరం. ఆ కొలత నులిపురుగులు, బోదకాలు తక్కువగా ఉన్న దేశాల్లో ఎక్కువగా తయారైంది. మన డెల్టాలో చేలో చెప్పుల్లేకుండా తిరిగే మనిషికి ఇస్నోఫిల్స్ 500 ఉంటే అది ఊపిరితిత్తి మాట కావొచ్చు, పేగులో కొంకిపురుగు మాట కావొచ్చు. ముందు నులిపురుగుల మందు వేసి, కొన్నాళ్లాగి మళ్లీ లెక్క చూసి, అప్పుడు పంపు నిర్ణయించమని యువ డాక్టర్లని కోరుతున్నాను. పుస్తకంలో ఈ వాక్యం ఉండదు. మదనపల్లె డాక్టర్లు బతికుంటే రాసేవారు.

రోజూ మా దగ్గరికి వచ్చే చీటీల్లో కనపడే తప్పు ఒకటే. చుట్ట తాగిన డెబ్భై ఏళ్ల తాతగారికి ఉబ్బసపు జంట, ఉబ్బసం ఉన్న కుర్రాడికి సడలించే మందు ఒక్కటే. తాతగారికి మాటిమాటికీ నెమ్ము, కుర్రాడికి మాటిమాటికీ ఎమర్జెన్సీ. మందు ఖరీదైనదే, జత తప్పింది.

మిశ్రమం అన్నదల్లా మంచిదని కూడా నేననడం లేదు. దగ్గు సిరప్పుల్లో, ఆయాసం బిళ్లల్లో నాలుగేసి మందులు కలిపి అమ్మడం మన దేశపు పాత జబ్బు. 2016 మార్చిలో కేంద్రం ఒక్కసారిగా 344 మిశ్రమాల్ని నిషేధించింది. మిశ్రమానికి నా పరీక్ష చిన్నది. ఇందులో ప్రతి మందూ ఈ రోగికి కావాలా? ఒకే వేళకి, ఒకే దామాషాలో కావాలా? ఒకటి లేకపోతే రెండోది చెడు చేస్తుందా? బుడెసొనైడ్–ఫార్మోటెరాల్ ఈ మూడిటికీ నిలబడింది. అందుకే 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

6

చివరిగా చేతి పని. మందెంత గొప్పదైనా ఛాతీకి చేరకపోతే గోదాట్లో పోసినట్టే.

లంక నుంచి వచ్చిన ఒక మామ్మగారికి పొడి మందు రాశాం. రొటాహేలర్‌లో క్యాప్సూల్ పెట్టి, తిప్పి, నోటితో గట్టిగా లాగే రకం. నెల తర్వాత వచ్చి 'మందు ఏం పని చెయ్యలేదు బాబూ' అంది. 'వాడి చూపించు మామ్మా' అన్నాను. క్యాప్సూల్ శుభ్రంగా పెట్టింది. సరిగ్గా తిప్పింది. పెదాల మధ్య బిగించి, బుగ్గలు పొంగించి, బలంకొద్దీ ఊదింది. పొడంతా తెల్లగా చీర మీద పడింది. ఆవిడ చిన్నప్పట్నించీ నోట్లో పెట్టుకున్న గొట్టం ఒక్కటే, ఊదుగొట్టం. గొట్టం నోట్లో పెడితే ఊదాలని ఒళ్లే నేర్చుకుంది. 'ఊదకు మామ్మా, లాగు. కొబ్బరిబోండాంలో స్ట్రా లాగినట్టు' అని నర్సమ్మ చెప్పాక పట్టుబడింది. ఆవిడ ఊపిరితిత్తులు పాడయ్యిందీ ఆ ఊదుగొట్టం దగ్గరే.

పొడి మందుకి గట్టిగా, వేగంగా లాగాలి. గ్యాస్ పంపుకి నిదానంగా, పొడుగ్గా లాగాలి. మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు. మందు రేణువు ఐదు మైక్రాన్లలోపు ఉంటేనే లోపలిదాకా పోతుంది. అది పంపు చూసుకుంటుంది, లాగే తీరు మీరు చూసుకోవాలి. లాగాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. పిల్లలకీ పెద్దవాళ్లకీ పంపు ముందు స్పేసర్ తగిలిస్తే సగం ఇబ్బంది తీరుతుంది. స్టెరాయిడ్ ఉన్న పంపు వాడాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నాలిక మీద తెల్లటి పూత వస్తుంది. మన గాలిలో తేమ ఎక్కువ, కనక క్యాప్సూల్స్‌ని వాడే వేళకే రేకులోంచి తీయండి. ముందే తీసి డబ్బాలో పోసుకుంటే పొడి ముద్ద కడుతుంది.

'అలవాటైపోతుందేమోనండి' అని అడుగుతారు. కళ్లజోడు కూడా అలవాటే. ఆడపిల్లల తల్లిదండ్రులు మాత్రం ఇంకోలా అడుగుతారు, గొంతు తగ్గించి. సంబంధం కుదిరేదాకా పంపు కనపడకుండా బిళ్లలేమైనా ఉన్నాయా అని. ఆ పిల్ల అత్తారింట్లో బాత్‌రూమ్‌లో దాక్కుని పంపు పీల్చడం నాకు తెలుసు. పీల్చలేక ఆసుపత్రికి వచ్చిన పిల్లల్నీ చూశాను. పెళ్లిచూపుల్లో కళ్లజోడు పెట్టుకు కూర్చుంటున్నారు కదా, పంపు చెప్పడానికేం?

ఎల్లుండి భోగి. పాత తాటాకులు, టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మంటల్లో పడతాయి. ఆయాసం ఉన్నవాళ్లు తెల్లవారుజామున ఆ చుట్టుపక్కల ఉండకండి. చలి మంచులో వెళ్లక తప్పకపోతే ముందే పంపు వాడి, జేబులో పెట్టుకుని వెళ్లండి. పిల్లలకి చెప్పి కనీసం టైర్లన్నా మంటలోంచి తీయించండి.

బయట వరండాలో రెండు బల్లల మీద మందు లేని పంపులు, ఖాళీ రొటాహేలర్లు, స్పేసర్లు పెట్టించాం. పరీక్షకి స్పైరోమీటర్ కూడా ఉంది, నర్సింగ్ విద్యార్థినులు ఊదిస్తారు. మీ పంపు తెచ్చుకుని ఉంటే సంచిలోంచి తీయండి. ముందు నేనేమీ చెప్పను. రోజూ ఎలా వాడతారో అలాగే వాడి చూపించండి. ఇక్కడున్న డాక్టర్లు కూడా ఆ వరసలోనే నిలబడాలి, కుర్చీ వెయ్యం.